మలక్‌పేట – దిల్‌సుఖ్‌నగర్ దారిలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్: ఎక్స్‌రే గదికి మంచి మార్కులు, బిల్లింగ్ కౌంటర్‌కు కాదు

డయాగ్నస్టిక్ సెంటర్ల గురించి మనవాళ్లు రాసే అభిప్రాయాల్లో సాధారణంగా ఏసీ బాగుందా, రిపోర్టు సాయంత్రానికే వచ్చిందా, రిసెప్షన్‌లో మర్యాదగా మాట్లాడారా, బండి పెట్టుకోవడానికి చోటుందా అన్న సంగతులే కనిపిస్తాయి. రక్తపరీక్షల వరకు అవి సరిపోవచ్చు గానీ, ఎక్స్‌రే, సీటీ స్కాన్ తీసే చోటును వాటితో కొలిస్తే అసలు విషయం పక్కకు పోతుంది. ఒంట్లోకి కొంత రేడియేషన్ పంపితే తప్ప అక్కడ బొమ్మ రాదు కాబట్టి, ఆ రేడియేషన్ అవసరమైనప్పుడే, అవసరమైనంతే, ఒక్కసారికే సరిపోయేలా వాడుతున్నారా లేదా అన్నదే నా దృష్టిలో మొదటి ప్రశ్న. హైదరాబాద్‌లో మలక్‌పేట నుంచి దిల్‌సుఖ్‌నగర్ వెళ్లే దారిలో, మెట్రో పిల్లర్లకు ఎదురుగా ఉన్న ఒక మూడంతస్తుల సెంటర్‌ను ఈ ప్రశ్నతోనే చూశాను. మెచ్చుకోవలసినవాటితో పాటు గట్టిగా తప్పుపట్టవలసినవి కూడా ఉన్నాయి కాబట్టి పేరు రాయడం లేదు. నగరంలో ఏ సెంటర్‌కు వెళ్లినా ఇవే గమనించవచ్చు.

మా నాన్నగారికి దగ్గు మూడు వారాలు దాటినా తగ్గకపోవడంతో ఊపిరితిత్తుల డాక్టరు గారు ఛాతీ ఎక్స్‌రే, పీఏ వ్యూ (కిరణాలు వీపు వైపు నుంచి ఛాతీ వైపు వెళ్లేలా తీసేది) రాసిచ్చారు. రెండు వారాలు మించిన దగ్గును మన దేశంలో క్షయ అనుమానంతో చూడడం మామూలే. ఆ అనుమానాన్ని తీర్చడానికి కళ్లె పరీక్షతో పాటు ఛాతీ ఎక్స్‌రే ఇప్పటికీ చవకైన, త్వరగా ఫలితమిచ్చే సాధనం. పదిహేనేళ్లు దాటినవారి ఛాతీ ఎక్స్‌రేలను క్షయ కోసం కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌తో చదివించవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సిఫారసు చేసిన తర్వాత ఈ పాత పరీక్షకు విలువ మరింత పెరిగింది.

ఎక్స్‌రే గది మొదటి అంతస్తులో ఉంది. తలుపు పైన ఎర్ర దీపం వెలుగుతోంది, లోపల పరీక్ష జరుగుతున్నంతసేపూ తలుపు పూర్తిగా మూసే ఉంటోంది, గోడకు అణుశక్తి నియంత్రణ మండలి ఇచ్చిన లైసెన్సు కాగితం అద్దంలో పెట్టి తగిలించారు. 1983లో ముంబయి కేంద్రంగా ఏర్పడిన ఈ మండలి అనుమతి లేకుండా దేశంలో ఎక్కడా ఎక్స్‌రే యంత్రం నడపకూడదు. ఆ కాగితం గోడ మీద ఉందో లేదో చూసుకోవడానికి అర నిమిషం చాలు, అయినా టోకెన్ పట్టుకుని గంటసేపు కూర్చున్నవాళ్లలో ఎవరూ అటు చూడడం నేను గమనించలేదు.

టెక్నీషియన్ పని తీరు మాత్రం నిజంగా మెచ్చుకోదగినది. నాన్నగారిని ప్లేటుకు ఛాతీ ఆనించి నిలబెట్టి, గదవ దాని పై అంచున ఉంచమని, చేతులు నడుం మీద పెట్టుకుని భుజాలు ముందుకు తోయమని ఓపికగా చూపించాడు. అలా తోయకపోతే రెక్క ఎముకల నీడ ఊపిరితిత్తుల మీద పడి, ఉన్న మచ్చ కనిపించకపోవచ్చు, లేని మచ్చ ఉన్నట్టు తోచవచ్చు. యంత్రం గొట్టాన్ని వీపు వైపు ఆరడుగుల దూరంలో నిలిపాడు. ఆ దూరం వల్ల గుండె బొమ్మలో అసలు కన్నా పెద్దదిగా కనిపించే దోషం తగ్గుతుంది. తర్వాత వీపు మీద పడిన చతురస్రపు వెలుతురును రెండు మరలు తిప్పి, ఊపిరితిత్తులు ఎంతవరకు ఉంటాయో అంతవరకే కుదించాడు. చూడడానికి చిన్న పనే గానీ, కిరణాలు పడేది ఆ వెలుతురు పడినంత మేర మాత్రమే. మరలు తిప్పే ఓపిక లేని చోట పొట్ట, మెడ, దవడ కూడా ఊరికే రేడియేషన్ పాలవుతాయి, పైగా చెదిరిన కిరణాలతో బొమ్మ మసకబారుతుంది. "అంకుల్, శ్వాస మంచిగ లోపలికి గుంజుండ్రి, ఆపుండ్రి, ఇడవద్దు" అని చెప్పి తాను అడ్డుగోడ వెనక్కి వెళ్లాడు. నాన్నగారి తర్వాత వచ్చిన పెద్దమనిషికి అదే మాట "సాస్ రోకో" అయింది. ఊపిరి సగం పీల్చినప్పుడు తీస్తే ఊపిరితిత్తుల అడుగుభాగం ముడుచుకుని న్యుమోనియాలా కనిపిస్తుంది, మళ్లీ తీయవలసి వస్తుంది. అతను మాట చెప్పి ఊరుకోకుండా, నాన్నగారి భుజాలు పైకి లేచాయో లేదో అద్దం లోంచి చూసి మరీ బటన్ నొక్కాడు.

అదే గదికి అంటుకుని ఉన్న దుస్తులు మార్చుకునే అరలో ఒక ఏర్పాటు చూశాను. ఛాతీ ఎక్స్‌రేకు గొలుసులు, తాయెత్తులు, హుక్కులున్న లోదుస్తులు తీసేయాలి, పొడవైన జడను పైకి ముడి వేసుకోవాలి, ఎందుకంటే జడ నీడ ఊపిరితిత్తి పై భాగంలో సరిగ్గా క్షయ మచ్చలు వచ్చే చోటే పడుతుంది. అయితే పెద్ద వయసు ఆడవాళ్లలో చాలామంది మంగళసూత్రం తీయడానికి ఒప్పుకోరు. చాలా సెంటర్లలో కాసేపు వాదించి, చివరికి మంగళసూత్రం మెడలో ఉండగానే ఎక్స్‌రే తీసి, సూత్రాల నీడ ఛాతీ మధ్యలో పడితే మళ్లీ ఇంకోటి తీస్తారు, అంటే ఒక పరీక్షకు రెండు పరీక్షల రేడియేషన్. ఇక్కడ సహాయకురాలు సొరుగులోంచి పసుపుకొమ్ము కట్టిన పసుపుతాడు తీసి, "అమ్మా, ఇది మెడలో వేసుకోండి, అవి మీ పిల్లల చేతికివ్వండి" అన్నది. ఆ పెద్దావిడ మారు మాట్లాడకుండా వేసుకున్నారు. రేడియేషన్ భద్రత మీద ఎంత పెద్ద ఉపన్యాసం ఇచ్చినా ఈ పసుపుతాడు చేసినంత మేలు చేయదని నా అభిప్రాయం.

ఇంతకూ ఒక ఛాతీ ఎక్స్‌రేలో ప్రమాదం ఎంత? శరీరానికి చేరే రేడియేషన్‌ను మిల్లీసీవర్టులలో కొలుస్తారు. ఒక ఛాతీ ఎక్స్‌రేలో అది సుమారు 0.02 నుంచి 0.1 వరకు ఉంటుంది. నేల నుంచి, గాలిలోని రేడాన్ వాయువు నుంచి, ఆకాశం నుంచి, తినే తిండి నుంచి మనిషికి సహజంగా అందేది ప్రపంచ సగటున ఏడాదికి 2.4 మిల్లీసీవర్టులు. గ్రానైట్‌లో యురేనియం, థోరియం, పొటాషియం సహజంగానే ఉంటాయి కాబట్టి బండల మీద లేచిన మన హైదరాబాద్‌లో ఇది ఎవరికీ కొత్త కాదు, తెలియదంతే. ఆ లెక్కన ఒక ఛాతీ ఎక్స్‌రే మూడు రోజుల నుంచి రెండు వారాల సహజ రేడియేషన్‌తో సమానం. ఎక్స్‌రే కిరణాలు కణాల్లోని అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టి డీఎన్‌ఏను దెబ్బతీయగలవు. ఆ దెబ్బల్లో అత్యధిక భాగాన్ని కణమే బాగు చేసుకుంటుంది, సరిగా బాగుపడనివి ఏళ్ల తర్వాత క్యాన్సర్‌కు దారితీసే అవకాశం ఉంది. 10 మిల్లీసీవర్టులకు ప్రాణాంతక క్యాన్సర్ అదనపు అవకాశం సుమారు రెండు వేలలో ఒకటి అని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ అంచనా. ఈ అంచనాలకు ప్రధాన ఆధారం 1945 అణుబాంబుల తర్వాత హిరోషిమా, నాగసాకిలలో బతికి బయటపడినవారిని దశాబ్దాలుగా పరిశీలించి సేకరించిన సమాచారం. 100 మిల్లీసీవర్టుల లోపు మోతాదులలో హానిని నేరుగా చూపడం కష్టం కనుక, పెద్ద మోతాదుల లెక్కనే చిన్నవాటికి గీత గీసినట్టు వర్తింపజేస్తున్నారు. ఆ గీతనే నమ్మినా ఒక ఛాతీ ఎక్స్‌రే ప్రమాదం రెండు లక్షల నుంచి పది లక్షల మందిలో ఒకరికి అన్నంత చిన్నది. దగ్గుతో నెల రోజులు నెట్టుకొస్తూ క్షయను ఇంటిల్లిపాదికీ అంటించడం దీని కన్నా ఎన్నో రెట్లు పెద్ద ప్రమాదం కాబట్టి, డాక్టరు రాసిన ఎక్స్‌రేను భయంతో మానేయడం నాకు తెలివైన పనిగా కనిపించదు. ఎక్స్‌రే తీసిన తర్వాత కిరణాలు ఒంట్లో మిగిలిపోతాయన్నది కూడా అపోహే. బటన్ వదలగానే గదిలో లైటు ఆర్పినట్టు అవి లేకుండా పోతాయి.

ఇక లోపాలు. గర్భవతులు ముందుగా చెప్పాలన్న బోర్డు తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడింటిలోనూ ఉంది గానీ, తలుపు తెరిచినప్పుడు సరిగ్గా దాని వెనక్కి పోతుంది, లోపలికి అడుగుపెట్టేవారికి కనిపించదు. ఆ లోటు తీర్చడానికేమో, వయసులో ఉన్న ఆడవాళ్లను టెక్నీషియన్ నోటితో అడుగుతున్నాడు. అడగడం మంచిదే, కానీ నెలసరి తేదీని వరుసలో ఉన్న అందరి ముందూ గట్టిగా అడిగితే ఏ అమ్మాయి నిజం చెబుతుంది? సహాయకురాలు అరలోపల నెమ్మదిగా అడగవలసిన మాట అది. గర్భం సంగతి తెలియక ఛాతీ ఎక్స్‌రే తీయించుకున్నవారు కంగారు పడవలసిన పని లేదు; గర్భస్థ శిశువుకు అందేది 0.01 మిల్లీగ్రే (శరీరం పీల్చుకున్న రేడియేషన్‌కు కొలత) కన్నా తక్కువ, కాగా 100 మిల్లీగ్రేల లోపు మోతాదు కారణంగా గర్భాన్ని తీసివేయనవసరం లేదని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. కడుపు, కటి భాగాల సీటీ స్కాన్‌లో కూడా శిశువుకు అందేది సాధారణంగా 50 మిల్లీగ్రేల లోపే ఉంటుంది. అయినా రెండు, మూడు నెలలు ఆగగలిగిన పరీక్షను ఆపడమే న్యాయం, అందుకే ఆ ప్రశ్న సరైన పద్ధతిలో అడగాలి.

రెండో లోపం సీసపు ఏప్రాన్. కదలకుండా నిలబడలేని నాలుగేళ్ల పిల్లవాడిని పట్టుకోవడానికి అతని తండ్రిని లోపలికి పిలిచి ఏప్రాన్ వేయించారు. తల్లి మళ్లీ గర్భవతి అయి ఉండవచ్చు కనుక తండ్రిని పిలవడం, రోజూ అదే పనిలో ఉండే సిబ్బంది పట్టుకోకుండా ఇంటివారినే పట్టుకోమనడం సరైన పద్ధతులు. కానీ పని అయిపోగానే ఆ ఏప్రాన్‌ను దుప్పటిలా నాలుగు మడతలు పెట్టి కుర్చీలో పడేశారు. మడత పెట్టిన చోట లోపలి సీసం పొర పగులుతుంది, పగిలిన చోట కిరణాలు దూరిపోతాయి, పై గుడ్డ మాత్రం కొత్తదానిలా ఉంటుంది. దానికి గోడ మీద బద్ద ఒకటి కొట్టించి వేలాడదీస్తే చాలు. సందర్భం వచ్చింది కనుక చెబుతున్నాను, రోగి పొత్తికడుపు మీద సీసపు కవచం కప్పడం ఇప్పుడు చాలా చోట్ల మానేశారు. అమెరికా వైద్య భౌతిక శాస్త్రవేత్తల సంఘం 2019లోనే దాన్ని రివాజుగా వాడవద్దని చెప్పింది. కవచం జారి చూడవలసిన భాగాన్ని కప్పేస్తే మళ్లీ తీయవలసి వస్తుంది, పైగా దాని వల్ల లాభం స్వల్పం. కాబట్టి నాన్నగారికి కవచం కప్పలేదని నేను మార్కులు తగ్గించడం లేదు. టెక్నీషియన్ ఛాతీ మీద, అతనికి అందే రేడియేషన్‌ను కొలిచే బ్యాడ్జి ఉంది, దాన్ని మూడు నెలలకొకసారి పరీక్షకు పంపుతామన్నాడు. మన దేశంలో ఇలాంటి ఉద్యోగులకు పరిమితి వరుసగా ఐదేళ్లలో కలిపి 100 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. ఎడిసన్ దగ్గర ఎక్స్‌రే గొట్టాల మీద పనిచేసిన క్లారెన్స్ డాలీ చేతులు పోగొట్టుకుని 1904లో మరణించాడు. రాంట్‌జెన్ ఈ కిరణాలను 1895 నవంబరులో కనుగొన్న తర్వాత పదేళ్లు కూడా నిండలేదు. రోజూ ఈ గదిలో ఉండేవారి లెక్క వేరు, ఏడాదికొకసారి వచ్చే మన లెక్క వేరు.

ఈ సెంటర్‌లో నాకు అసలు నచ్చనిది కింద ఉన్న బిల్లింగ్ కౌంటర్. గచ్చిబౌలిలో కంప్యూటర్ ముందు కూర్చుని పనిచేసే మా తమ్ముడు నాన్నగారికి తోడు వచ్చి, మాటల్లో నడుం నొప్పి అన్నాడు. అంతే, ఏ డాక్టరు చీటీ లేకుండానే "ఫుల్ బాడీ చెకప్ తీసుకోండి సార్, ఆఫర్ ఉంది, చెస్ట్ ఎక్స్‌రే, నడుం ఎక్స్‌రే రెండూ కలిపి వస్తాయి" అన్నారు. నడుం ఎక్స్‌రే ఛాతీ ఎక్స్‌రే లాంటిది కాదు. మందమైన భాగంలోంచి కిరణాలు దూరాలి కాబట్టి మోతాదు సుమారు 1.5 మిల్లీసీవర్టులు, అంటే ఏడెనిమిది నెలల సహజ రేడియేషన్, అదీ నేరుగా పొట్టలోని అవయవాల గుండా వెళ్లేది. ఇంత తీసుకున్నా డిస్కు, నరం అందులో కనిపించవు. జ్వరం, బరువు తగ్గడం, కాళ్లలో పట్టు తప్పడం, మూత్రం మీద అదుపు పోవడం, పెద్ద దెబ్బ తగలడం, అంతకుముందు క్యాన్సర్ ఉండడం లాంటివేవీ లేని నడుం నొప్పికి మొదటి ఆరు వారాల్లో ఏ స్కానింగూ అక్కరలేదని వైద్య సంఘాలు ఎప్పటి నుంచో చెబుతున్నాయి. ఉద్యోగుల వార్షిక పరీక్షల పేరుతో ముప్పై ఏళ్ల ఆరోగ్యవంతులకు ఏటా ఛాతీ ఎక్స్‌రే తీయడం కూడా ఇదే బాపతు. రోగికి ఇచ్చే రేడియేషన్‌కు చట్టం పరిమితి పెట్టలేదు, ఎందుకంటే అవసరమైనప్పుడు ఎంతైనా ఇవ్వవలసి రావచ్చు. ఆ పరిమితి లేని చోట కాపలాగా ఉన్నది "దీని వల్ల ఈ మనిషికి లాభముందా" అన్న ఒక్క ప్రశ్నే. ఆఫర్ అన్న మాటతో ఆ ప్రశ్నను అడగకుండానే దాటేస్తున్నారు.

నాన్నగారి ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి పై భాగాన ఒక మచ్చ కనిపించడంతో డాక్టరు గారు ఛాతీ హెచ్‌ఆర్‌సీటీ (ఊపిరితిత్తులను సూక్ష్మంగా చూపే సీటీ స్కాన్) రాశారు, కాంట్రాస్ట్ (బొమ్మలో తేడాలు తేటగా కనిపించడానికి నరంలోకి ఎక్కించే మందు) లేకుండా అని స్పష్టంగా కింద గీత గీసి మరీ. కౌంటర్‌లో దాన్ని చదివి కూడా, "కాంట్రాస్ట్ కూడా చేయిస్తే పూర్తిగా తేలిపోతుంది కదండీ" అన్నారు. ముందు మామూలుగా ఒకసారి, మందు ఎక్కించి ఇంకోసారి తీస్తే రేడియేషన్ దాదాపు రెట్టింపు, బిల్లు కూడా అంతే. పైగా అయోడిన్ ఉన్న ఆ మందుకు ముందు, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చూసుకోవాలి, డెబ్బై ఏళ్ల మనిషి మూత్రపిండాల విషయంలో అది చిన్న సంగతి కాదు. మేము వద్దన్నాం, వారు పట్టుబట్టలేదు.

సీటీ గదిలో పని చురుగ్గా, శుభ్రంగా జరిగింది, పది నిమిషాలు కూడా పట్టలేదు. రిపోర్టు మీద మాత్రం రేడియేషన్ మోతాదు ఎక్కడా రాయలేదు. అడిగితే కౌంటర్‌లో తెలియదన్నారు. పై నుంచి వచ్చిన టెక్నీషియన్ మాత్రం సీడీలో చివరి బొమ్మ తెరిచి చూపించాడు. ఇప్పటి సీటీ యంత్రాలు సాధారణంగా తమ మోతాదును తామే ఒక పేజీగా నమోదు చేస్తాయి. అందులో డీఎల్‌పీ అనే, మొత్తం స్కాన్‌లో వాడిన రేడియేషన్‌ను తెలిపే అంకె ఉంటుంది, ఛాతీ స్కాన్‌కైతే దాన్ని 0.014తో గుణిస్తే మిల్లీసీవర్టులు వస్తాయి. నాన్నగారిది 360, అంటే సుమారు 5. పెద్దవారి ఛాతీకి ఇది మామూలు మోతాదే. 2021 మే నెలలో, కోవిడ్ రెండో అల జోరుగా ఉండి ఊరంతా హెచ్‌ఆర్‌సీటీ స్కోర్లు చెప్పుకుంటున్న రోజుల్లో, ఒక సీటీ 300 నుంచి 400 ఛాతీ ఎక్స్‌రేలతో సమానమని అప్పటి ఎయిమ్స్ డైరెక్టర్ రణదీప్ గులేరియా అన్నారు, రేడియాలజిస్టుల సంఘం అది పాతకాలపు లెక్క అని ఖండించింది. ఎక్స్‌రేకు ఏ అంకె తీసుకుంటాం, యంత్రాన్ని ఎంత తక్కువలో నడుపుతాం అన్నదాన్ని బట్టి ఆ నిష్పత్తి పదుల నుంచి వందల దాకా మారుతుంది. అందుకే సామెతల్లాంటి ఆ పోలికల కన్నా మన స్కాన్ మీది అంకె చూసుకోవడం మేలు. పిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం. బ్రిటన్‌లో చిన్నతనంలో సీటీ తీయించుకున్న లక్షా డెబ్బై వేల మందికి పైగా సమాచారాన్ని పరిశీలించి 2012లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, పదేళ్ల లోపు పిల్లలకు తీసిన ప్రతి పదివేల తల స్కాన్లకు తర్వాతి పదేళ్లలో ఒక రక్త క్యాన్సర్, ఒక మెదడు కణితి అదనంగా రావచ్చు. తలకు బలమైన దెబ్బ తగిలిన పిల్లవాడికి ఆ స్కాన్ ప్రాణం కాపాడుతుంది. ఊరికే తలనొప్పి అన్న పిల్లవాడికి తీసే ముందు మాత్రం డాక్టరును రెండోసారి అడగడంలో తప్పు లేదు. ఇక్కడి యంత్రంలో పిల్లలకు వేరే అమరికలు ఉన్నాయని, బరువు అడిగి మరీ మారుస్తామని టెక్నీషియన్ చెప్పాడు.

వేచి ఉండే హాల్లో ఒక పెద్దాయన, తన తమ్ముడికి రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో కరెంటు (రేడియేషన్ చికిత్స) పెడుతున్నారని, ఇక్కడిది కూడా అదే కరెంటా అని అడిగారు. జాతి ఒకటే, బలం వేరు. అక్కడి యంత్రాల్లో కిరణాల శక్తి ఎన్నో రెట్లు ఎక్కువ, కణితి మీదికే గురిపెట్టి రోజుకు 2 గ్రేల (అంటే 2,000 మిల్లీగ్రేల) చొప్పున వారాల తరబడి 50, 60 గ్రేల దాకా ఇస్తారు. ఛాతీ ఎక్స్‌రేలో పడేది అందులో లక్షల వంతుల్లో ఒక వంతు. కణాన్ని చంపడమే అక్కడ ఉద్దేశం. ఆయనకు ఇదంతా విడమరిచి చెప్పవలసినది హాల్లో పక్కన కూర్చున్న నేను కాదు. సెంటర్ వాళ్లు గోడ మీద వేసుకున్న ఆఫర్ల పోస్టర్లలో ఒకటి తీసేసి, ఆ చోట నాలుగు తెలుగు వాక్యాలు రాయించవచ్చు.

నాన్నగారి మచ్చ పాత క్షయ మానిన గుర్తు అని తేలింది. రేడియాలజిస్టు రిపోర్టు చివర "పాత స్కాన్‌తో పోల్చి చూడవలెను" అని రాశారు, అది మంచి అలవాటు. గట్టిపడిన మచ్చ రెండేళ్లుగా మారలేదని చూపగలిగితే సాధారణంగా భయం ఉండదు. నాన్నగారికి 2021లో ఇంకో చోట సీటీ తీయించాం, కానీ అక్కడ వాట్సాప్‌లో నాలుగు బొమ్మలు పంపారు తప్ప సీడీ ఇవ్వలేదు, అవి పోల్చడానికి పనికిరావని డాక్టరు గారు తీసి పక్కన పెట్టారు. అది చేతిలో ఉంటే ఈ 5 మిల్లీసీవర్టులు బహుశా అక్కరలేకపోయేవి. ఈ సెంటర్‌లో కూడా అడగనిదే సీడీ ఇవ్వరు, పంపే లింకు కొన్నాళ్లకు పనిచేయదు. బిల్లు కట్టేటప్పుడే సీడీ కావాలని చెప్పండి, ఇంటికి తేగానే అన్ని బొమ్మలూ తెరుచుకుంటున్నాయో లేదో, మోతాదు పేజీ ఉందో లేదో చూసుకోండి. తర్వాత వెళ్లి అడిగితే అదనంగా డబ్బు తీసుకుంటున్నారు.